‘నా ఉంగరం నువ్వే తీశావు’ అంటున్న అత్తయ్యకు ఏం చెప్పాలి?

ఒక పాఠకురాలు తన పేరు వద్దంటూ చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఆమె వయసు 47, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. అత్తగారికి 79. రెండేళ్ల కిందట ఆవిడకు అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చారు. మొదట్లో అడిగిందే అడగడం, వస్తువులు ఎక్కడో పెట్టి మరచిపోవడం వరకే ఉండేది. ఇంట్లో అందరూ దానికి అలవాటు పడ్డారు. ఏడాదిగా మాత్రం మనిషే మారిపోయారట. ‘నా ఉంగరం నువ్వే తీశావు’ అని కోడలిని నిలదీస్తున్నారు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అదే చెబుతున్నారు. సాయంత్రమైతే చాలు, సంచి సర్దుకుని ‘మా ఇంటికి పోవాలి, అమ్మ ఎదురుచూస్తుంటుంది’ అంటూ గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. ఆ అమ్మగారు పోయి ముప్పై ఏళ్లు దాటింది. స్నానం అనగానే పెద్ద గొడవ. ఈ మధ్య బట్టలు మారుస్తుంటే కోడలిని చెంప మీద కొట్టారు.

భర్త తల్లితో వాదనకు దిగుతారు. ‘అమ్మమ్మ ఎప్పుడో పోయింది కదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి’ అంటారు. విన్న ప్రతిసారీ ఆవిడ అప్పుడే తెలిసినట్టు ఏడుస్తారు. దూరంగా ఉండే ఆడపడుచు ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి, ‘నాతో బాగానే మాట్లాడింది, నువ్వే సరిగా చూసుకోవట్లేదు’ అంటారు. గత పది రోజులుగా పరిస్థితి ఇంకా చెడింది. రాత్రిళ్లు నిద్ర లేదు, గదిలో ఎవరో పిల్లలు కూర్చున్నారంటారు, పగలంతా మగతగా పడి ఉంటారు. ఒక బంధువు తమ దగ్గర మిగిలిన నిద్రమాత్రలు ఇచ్చి వెళ్లారు.

ఉత్తరం చివర నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. ఆవిడ ఇదంతా కావాలనే చేస్తున్నారా? అబద్ధం చెప్పి సముదాయించడం తప్పా? ఆ నిద్రమాత్ర వేయనా? కేర్ హోమ్‌లో చేర్పిస్తే బాగుండునని అనిపించడం పాపమా? ఆ కింద ఒక వాక్యం: ‘ఆవిడ మీద విపరీతమైన కోపం వస్తోంది, కాసేపటికి నా మీద నాకే అసహ్యం వేస్తోంది.’

సమాధానం

అమ్మా, మీ ప్రశ్నల జోలికి వెళ్లే ముందు, మీరు రెండే వాక్యాల్లో రాసి వదిలేసిన ఆ పది రోజుల సంగతి మాట్లాడాలి. ఆ నిద్రమాత్ర వేయకండి. అత్తయ్యను ఈ రోజే, కుదరకపోతే రేపటికల్లా డాక్టర్‌కు చూపించండి.

అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా ముదిరే జబ్బు. పది రోజుల్లో మనిషి ఇంతగా మారితే ‘జబ్బు ముదిరింది’ అని సరిపెట్టుకోకూడదు. రాత్రి అలజడి, పగలు మగత, లేని మనుషులు కనిపించడం, ఇవన్నీ ఉన్నట్టుండి మొదలైతే డాక్టర్లు ముందు అనుమానించేది డెలిరియం అనే స్థితిని. ఒంట్లో ఇంకేదో తేడా చేస్తే అది మెదడు మీద చూపించే ప్రభావం ఇది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, రోజుల తరబడి మలబద్ధకం, నీళ్లు సరిగా తాగకపోవడం, చెప్పుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా కావచ్చు. జలుబుకో దురదకో వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మందులు, పాతరకం డిప్రెషన్ మందులు కొన్ని పెద్దవాళ్ల మెదడును మసకబారుస్తాయి. ఈ వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, కాబట్టి ఒళ్లు చల్లగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. కారణం దొరికితే చాలావరకు నయం చేయవచ్చు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. వేరొకరికి రాసిన నిద్రమాత్ర ఈ పరిస్థితిలో అయోమయాన్ని పెంచుతుంది, రాత్రిపూట లేచి పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతుంది.

వెళ్లేటప్పుడు ఆవిడ వాడే మందులన్నీ, డాక్టర్ రాయకుండా కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మార్పు ఏ రోజు మొదలైంది, విరేచనం ఎప్పుడయింది, మూత్రం ఎలా వస్తోంది, ఎంత తింటున్నారు, ఎంత తాగుతున్నారు, గత కొన్ని వారాల్లో ఎప్పుడైనా పడ్డారా అనేవి ఒక కాగితం మీద రాసుకోండి. తలకు తగిలిన చిన్న దెబ్బ ప్రభావం కూడా వారాల తర్వాత బయటపడవచ్చు. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి కష్టమైనా, మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యో కాలో పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరీక్షల్లో ఏ కారణమూ దొరకలేదు, పిల్లలు కనిపించడం మాత్రం ఆగలేదు అనుకోండి. అప్పుడు లూయీ బాడీ డిమెన్షియా గురించి డాక్టర్‌ను అడగండి. డిమెన్షియా అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి వాడే పేరు, ఇది వాటిలో ఒకటి. స్పష్టంగా మనుషులో, పిల్లలో, జంతువులో కనిపించడం, ఒక పూట చురుగ్గా ఒక పూట మబ్బుగా ఉండటం, నడక నెమ్మదించి ఒళ్లు బిగుసుకోవడం, నిద్రలో కేకలు వేసి కాళ్లూ చేతులూ ఆడించడం దాని లక్షణాలు. ఇది ఎందుకు తెలుసుకోవాలంటే, అలజడి తగ్గించడానికి వాడే హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ జబ్బు ఉన్నవారికి ప్రాణాల మీదకు తేగలవు. కంటిచూపు కూడా ఒకసారి చూపించండి. చూపు బాగా తగ్గినవారికి కూడా లేనివి కనిపిస్తాయి.

ఇక ఆవిడ కావాలనే చేస్తున్నారా అన్న ప్రశ్న. కాదు. ఒక అబద్ధం అల్లి, అది గుర్తుంచుకుని, రోజుల తరబడి దాని మీదే నిలబడాలంటే జ్ఞాపకం కావాలి, ముందుచూపు కావాలి. ఈ జబ్బు తినేసేది వాటినే. మరి ఫోన్‌లో కూతురితో అంత చక్కగా ఎలా మాట్లాడారని మీకు అనిపిస్తుంది. ‘బాగున్నావా, పిల్లలు బాగున్నారా’ అని పలకరించడం జీవితమంతా చేసి చేసి నోటికి పట్టేసిన అలవాటు. అది చాలా ఆలస్యంగా పోతుంది. పది నిమిషాల ఫోన్‌లోనూ, డాక్టర్ ఎదుట పావుగంటలోనూ ఎంతోమంది మామూలుగా కనిపిస్తారు. మీ ఆడపడుచు విన్నది నిజమే, మీరు చూస్తున్నదీ నిజమే.

ఉంగరం విషయానికి వద్దాం. మీ మనసు ఎక్కువ గాయపడింది ఇక్కడేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆవిడ ఉంగరాన్ని భద్రంగా ఉంటుందని ఎక్కడో దాస్తారు. దాచిన సంగతి మెదడులో నమోదు కాదు. కాసేపటికి వెతికితే కనిపించదు. తాను దాచిన గుర్తు లేదు, ఉంగరం లేదు. అలాంటప్పుడు ఎవరికైనా తోచేది ఎవరో తీశారనే. ఆ ఎవరో ఎవరంటే, రోజంతా చుట్టూ తిరిగే మనిషి, తన అలమర తెరిచే మనిషి, తన బట్టలు సర్దే మనిషి. డిమెన్షియా ఉన్న ఇళ్లలో దొంగతనం నింద ఎక్కువగా పడేది అందరికంటే ఎక్కువగా చూసుకుంటున్న వాళ్ల మీదే. ఆవిడకు మీ మీద నమ్మకం లేక అనడం లేదు, ఎదురుగా మీరు ఉన్నారు కాబట్టి అంటున్నారు.

అయితే ఒక మాట. మొదటిసారి విన్నప్పుడు అసలు వస్తువు ఉందో లేదో మీరూ మీ వారూ ఒకసారి చూసుకోండి. మతిమరుపు ఉంది కదా అని పెద్దవాళ్ల సొమ్ము నిజంగానే తీసేవాళ్లూ ఉంటారు. ‘ఆవిడ అలాగే అంటుంది’ అని ప్రతి మాటా కొట్టిపారేస్తే ఆ అన్యాయం ఎప్పటికీ బయటపడదు.

ఉంగరం ఇంట్లోనే ఉందని తేలాక మీ ముందు కొన్ని దారులున్నాయి. ‘నేను తీయలేదు’ అని వాదించవచ్చు, కానీ అది ఆవిడ చెవికి దొంగ బుకాయింపులాగే వినిపిస్తుంది. వెతికి తెచ్చి ‘ఇదిగో, మీరే పెట్టారు’ అని చూపించవచ్చు. అప్పుడు ‘భయపడి తెచ్చి పెట్టావు’ అంటారు. గొడవ ఆపడానికి తీశానని ఒప్పుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఆ ఒక్క మాటే మనసులో ఉండిపోవచ్చు. నేను చెప్పే దారి ఇంకొకటి. ‘ఉంగరం కనిపించకపోతే కంగారుగానే ఉంటుంది అత్తయ్యా, రండి ఇద్దరం కలిసి వెతుకుదాం’ అని పక్కన నిలబడండి. దొరికేటట్టుంటే ఆవిడ చేతికే దొరకనివ్వండి. వెతుకుతూ ఆ ఉంగరం ఎవరిచ్చారో, ఎప్పుడు పెట్టుకునేవారో అడిగితే మాట మళ్లుతుంది. ఆవిడ దాచే చోట్లు సాధారణంగా మూడు నాలుగే ఉంటాయి, అవి గమనించి పెట్టుకోండి. ఖరీదైన ఉంగరాన్ని మీ వారికీ ఆడపడుచుకూ తెలిసేలా భద్రపరచి, అలాంటిదే మామూలుది ఆవిడ దగ్గర ఉంచడం కూడా చాలామంది చేస్తారు. కొన్నిసార్లు తేడా గుర్తుపట్టి ఇంకా పెద్ద గొడవ అవుతుంది, ఆవిడ చూపు, స్పర్శ ఎంత బాగున్నాయో మీకే తెలుసు. ఇంటికి వచ్చేవాళ్లకు జబ్బు సంగతి మీ వారు ముందే చెప్పాలి. ఆ మాట మీ నోటి నుంచి వస్తే సంజాయిషీలా ఉంటుంది, కొడుకు నోటి నుంచి వస్తే సమాచారంలా ఉంటుంది.

మీ వారు చేసే దిద్దుబాటు గురించి ఒక పరిశోధన చెప్పాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించినది. అల్జీమర్స్ ఉన్నవారికి కొన్ని బాధ కలిగించే దృశ్యాలు, కొన్ని సంతోషపెట్టే దృశ్యాలు చూపించారు. కాసేపటికే చాలామందికి ఏం చూశారో గుర్తు లేదు. కానీ ఆ బాధ, ఆ సంతోషం మాత్రం మిగిలే ఉన్నాయి. మీ ఇంట్లో ప్రతి సాయంత్రం జరుగుతున్నది ఇదే. ‘అమ్మమ్మ పోయింది’ అన్న మాటను ఆవిడ మరచిపోతారు, దుఃఖాన్ని మరచిపోరు. ఎందుకు ఏడుపొస్తోందో తెలియని మనిషి రాత్రంతా స్థిమితంగా ఎలా ఉంటారు? ఈ పేరా మీ వారికి చదివి వినిపించండి. ఆయన మొండివాడని నేను అనుకోవడం లేదు. తల్లి మళ్లీ మామూలుగా అవుతుందన్న ఆశతోనే దిద్దుతున్నారని అనిపిస్తోంది.

మరి ‘ఇంటికి పోవాలి’ అంటే ఏమనాలి? ఆవిడ అడుగుతున్న ఇల్లు ఒక చిరునామా కాకపోవచ్చు. అలసట, ఆకలి, బాత్రూమ్‌కు వెళ్లాల్సిన అవసరం, నొప్పి, చుట్టూ ఏమీ తెలియని భయం, ఇవన్నీ ‘ఇంటికి పోవాలి’ అనే ఒక్క మాటగా బయటికి రావచ్చు. సాయంత్రాలే ఎందుకంటే, అప్పటికి ఒళ్లు అలసిపోతుంది, వెలుతురు తగ్గి నీడలు పెరుగుతాయి, నిద్ర, మెలకువలను నడిపే ఒంటి లోపలి గడియారం కూడా ఈ జబ్బులో దెబ్బతింటుంది. అందుకే ఆవిడ సంచి పట్టుకున్నాక ఏం చేయాలనే దానికంటే, అంతకు గంటన్నర ముందు ఏం చేయాలన్నది ముఖ్యం. చీకటి పడకముందే లైట్లు వేయండి, కర్టెన్లు మూసేయండి. టీవీ గోల తగ్గించండి. బాత్రూమ్‌కు తీసుకెళ్లండి, ఏదైనా తినిపించండి. ఉతికిన బట్టలు మడవడం లాంటి చేతి పని ఇవ్వండి. సరిగా మడిచారా లేదా అని చూడకండి. ఆ వేళకు ఇంట్లో పని చేసుకోవడం ఆవిడకు జీవితమంతా అలవాటు, ఖాళీగా కూర్చోబెడితే కాళ్లు నిలవవు.

అయినా గుమ్మం దగ్గరికి వచ్చారు అనుకోండి, సంచి లాక్కోకండి, అడ్డంగా నిలబడకండి. ‘అమ్మ గుర్తొచ్చిందా? మీ అమ్మగారు ఎలా ఉండేవారు?’ అని అడగండి. కాసేపు మాట్లాడాక, వీలైతే ఇద్దరూ అలా నాలుగడుగులు నడిచి తిరిగి రండి. మీరు పక్కన లేనప్పుడు బయటికి వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి ఫోన్ నంబర్ రాసిన కార్డు ఆవిడ ఒంటి మీద ఉండేలా చూడండి, ఇరుగుపొరుగుకు చెప్పి ఉంచండి. ఒంటరిగా లోపల ఉంచి తాళం వేసి మాత్రం వెళ్లవద్దు. నిప్పో పొగో వస్తే ఆవిడ బయటపడలేరు.

అబద్ధం తప్పా అని అడిగారు. ఈ విషయంలో ఇన్నేళ్లుగా కుటుంబాలతో మాట్లాడుతున్న నాకూ ఒకే సమాధానం లేదు. మాట మళ్లించడం, భావానికి మాత్రమే జవాబివ్వడం అబద్ధం కాదని నా అభిప్రాయం. ‘రేపు వెళ్దాం’ అనే చిన్న దాటవేత కొన్ని సాయంత్రాలు గట్టెక్కిస్తుంది. కానీ ‘మీ అమ్మ వస్తోంది, కూర్చోండి’ అంటే ఆవిడ నిజంగానే ఎదురుచూస్తారు. మీరొకటి, మీ వారొకటి చెబితే ఇద్దరి మీదా అనుమానం పుడుతుంది. అందుకే ఏం చెప్పాలో ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి. ఒక్కోసారి ఆవిడే నెమ్మదిగా ‘అమ్మ లేదు కదూ?’ అని అడగవచ్చు. అప్పుడు దాచకండి. ‘లేరు అత్తయ్యా’ అని చెప్పి చెయ్యి పట్టుకుని కూర్చోండి. ఆ క్షణంలో ఆవిడ నిజమే అడుగుతున్నారు.

స్నానం గొడవ, మిమ్మల్ని కొట్టడం గురించి నాకు మొదట వచ్చిన అనుమానం నొప్పి. బట్టలు మార్చేటప్పుడు చెయ్యి పైకెత్తాలి, భుజం తిప్పాలి. నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషి చేతితో తోసేస్తారు. నార్వేలో 18 వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా ఉన్నవారి మీద ఒక అధ్యయనం చేసి 2011లో ప్రచురించారు. నొప్పికి క్రమపద్ధతిలో మందు ఇస్తే, ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే, ఎనిమిది వారాల్లో అలజడి సగటున 17 శాతం తగ్గింది. మీరూ గమనించండి. ఏ పక్క కదిలిస్తే ముఖం ముడుచుకుంటున్నారు, ఎక్కడ తాకితే బిగుసుకుంటున్నారు? పంటి నొప్పి, కాలిగోళ్లు, ఎక్కువసేపు కదలకుండా పడుకుంటే వచ్చే ఒత్తిడి పుండ్లు కూడా చూడండి. ఆ వివరం డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

ఇంకో కారణం సిగ్గు, భయం. ఎవరో తెలియని మనిషి తన బట్టలు విప్పుతోందని ఆ క్షణంలో ఆవిడకు అనిపించి ఉండవచ్చు. రోజూ తలస్నానం, నిండు స్నానం అవసరం లేదు. తడి తువ్వాలుతో తుడిచినా శుభ్రంగానే ఉంటారు. గది వెచ్చగా ఉంచండి, ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచి కొంచెం కొంచెంగా కడగండి, నీళ్లు పాదాల దగ్గర మొదలుపెట్టండి, తల చివరకు. చేయబోయేది ప్రతిదీ ముందే చెప్పండి. ఒక గుడ్డ ఆవిడ చేతికే ఇవ్వండి. వద్దంటే ఆపేసి పావుగంట తర్వాత మళ్లీ పిలవండి, చాలాసార్లు అప్పటికి వద్దన్న సంగతే గుర్తుండదు. చెయ్యి లేపితే చేతులు గట్టిగా పట్టుకోకండి, పెనుగులాట పెరుగుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, ఆవిడ పడిపోకుండా ఉన్నారని చూసుకుని, అవతలికి వెళ్లండి. జబ్బు వల్ల కొట్టారు కాబట్టి తప్పు ఆవిడది కాదు. అలాగని దెబ్బలు ఓర్చుకోవడం మీ బాధ్యతా కాదు. స్నానం పనిలో మీ వారు కూడా చెయ్యి వేయాలి.

ఇన్ని చేసినా అలజడి తగ్గకపోతే డాక్టర్ యాంటీసైకోటిక్ అనే రకం మందు రాయవచ్చు. ఈ రకం మానసిక వ్యాధుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక ఇచ్చింది. పక్షవాతం ముప్పు కూడా ఉంది. అంటే అసలు వాడకూడదని కాదు. ఆవిడకో ఇంకొకరికో హాని జరిగేలా ఉన్నప్పుడు, విపరీతమైన భయంతో నలిగిపోతున్నప్పుడు తక్కువ మోతాదులో, కొద్ది కాలానికి ఉపయోగపడతాయి. ఏ లక్షణం తగ్గడానికి రాస్తున్నారు, ఎన్ని వారాలకు మళ్లీ చూసి తగ్గిస్తారు అని అడగండి. ఒకసారి మొదలుపెట్టి ఎవరూ ఆపకుండా ఏళ్ల తరబడి సాగిపోవడమే నేను ఎక్కువగా చూసే సమస్య. ఆవిడ అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ వాడుతుంటే, రాత్రి వేసుకునే ఆ మాత్ర వల్ల కొందరికి పీడకలలు వస్తాయి, పొద్దుటికి మార్చవచ్చేమో అదీ అడగండి.

మీ కోపం గురించి. నిద్ర లేకుండా, నింద మోస్తూ, ఉద్యోగం చేస్తూ ఉన్న మనిషికి కోపం రాకపోతేనే నాకు ఆశ్చర్యం. అది మీరు చెడ్డవారనడానికి గుర్తు కాదు, ఈ పని ఒక్కరు చేసేది కాదనడానికి గుర్తు. చెయ్యి చేసుకుంటానేమో అనిపించిన రోజు వస్తే ఆ గదిలోంచి బయటికి వచ్చి మీ వారిని పిలవండి, మీ డాక్టర్‌కూ చెప్పండి. ఆడపడుచుతో ఫోన్‌లో వాదించి ప్రయోజనం లేదు. ‘నువ్వు వచ్చి వారం రోజులు అమ్మ దగ్గర ఉండు, నేను కాస్త విశ్రాంతి తీసుకుంటాను’ అని మీ వారి చేత అడిగించండి. ఆడపడుచు వస్తే మీకు నిద్ర దొరుకుతుంది, అత్తయ్యతో రాత్రిళ్లు ఎలా ఉంటాయో ఆమెకూ తెలుస్తుంది. రాలేనంటే ఖర్చులో భాగం పంచుకోమని అడగడానికి మాట ఉంటుంది. కొన్ని గంటలకు మనిషిని పెట్టుకుంటే ఆ మనిషి మీదా దొంగతనం నింద పడవచ్చు, మొదట్లో మీరు పక్కనే ఉంటూ మెల్లగా అలవాటు చేయాలి.

కేర్ హోమ్ గురించి ఆలోచించడం పాపం కాదు. కొత్త చోట మొదటి కొన్ని వారాలు అయోమయం పెరగవచ్చు, మీ వారికి తల్లిని వదిలేశామన్న బాధ ఉంటుంది. ఇంకోవైపు, కంటినిండా నిద్రపోయిన కోడలిగా మీరు వెళ్లి ఆవిడ పక్కన కూర్చోగలుగుతారు, ఇప్పుడు అది జరగడం లేదు. కేర్ హోమ్ ఎలా ఉందో చూడటానికి వెళ్తే సాయంత్రం వేళ చెప్పకుండా వెళ్లండి. అలజడిగా ఉన్నవారితో అక్కడి సిబ్బంది ఎలా మాట్లాడుతున్నారు, ఎవరినైనా కుర్చీకో మంచానికో కట్టి ఉంచారా, అందరూ మందు మత్తులో ఉన్నట్టున్నారా అన్నది చూడండి. భవనం ఎంత బాగుందన్నది ఆ తర్వాతి సంగతి. కానీ ఆ నిర్ణయం ఈ పది రోజుల గందరగోళం మధ్యలో తీసుకోకండి. ఇది డెలిరియమే అయితే చికిత్స మొదలయ్యాక కూడా తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఆవిడ కాస్త కుదుటపడ్డాక, తనకు ఏది ఇష్టమో చెప్పగలిగినంత మేరకు ఆవిడనూ అడిగి, మీరూ మీ వారూ ఆడపడుచూ కూర్చుని మాట్లాడుకోండి.